పన్నెండిళ్ళ లైను, ఒక కొలతల పుస్తకం

నవంబరు 9, ఆదివారం

మా లైనులో కరెంటు మీటర్లు పీకేశారని తమ్ముడు ఫోన్ చేశాడు. మీటర్ల తర్వాత తలుపులు పోతాయి, తలుపుల తర్వాత కిటికీ ఊచలు, ఆ పైన జేసీబీ. పక్క లైన్లలో చూశాం కాబట్టి వరస తెలుసు. ఎంత లేదన్నా రెండు నెలలు ఉంటుందని తమ్ముడి అంచనా. ఆ రెండు నెలల్లో చేయాల్సిన పని గురించే ఈ డైరీ.

ఏ క్యాంపో, ఎన్నో లైనో రాయను. కర్నూలు ఏ, బీ, సీ క్యాంపుల్లో పెరిగినవాళ్ళు నాలుగు పేరాలు చదివితే వాళ్ళకే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళకు ఒక ముక్క. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు సరిపడా కట్టడాలు ఊళ్ళో లేవు. కొన్ని ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. ఉద్యోగుల కోసం అప్పట్లో ఊరవతల ఏర్పడ్డ మకాములే ఈ క్యాంపులు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ళ ఒక నెల వైభవం. సెక్రటేరియట్ వాళ్ళు పెట్టెలు సర్దుకుని పోయారు, జిల్లా ఆఫీసుల గుమాస్తాలు, డ్రైవర్లు, నర్సులు, మా నాన్న లాంటివాళ్ళు వచ్చారు. పేరు మాత్రం కదల్లేదు. ఆటోవాళ్ళు ఇప్పటికీ "క్యాంపు, క్యాంపు" అనే పిలుస్తారు.

చేయాలనుకున్నది: లైను మొత్తాన్ని టేపుతో కొలవడం, అట్టతో ఒక నమూనా కట్టడం, దొరికినంతమంది చేత మాట్లాడించడం. ఖర్చు ఆరు వేలు దాటకూడదు. మనుషులు: నేను, తమ్ముడు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ చదవనట్టు తిరిగే మా అబ్బాయి, మూడో ఇంటి రఫూ షాపు భాయ్ కొడుకు. ఇతనికి ఇప్పుడు ఫ్లెక్సీల షాపు ఉంది, సన్‌బోర్డు అట్ట ముక్కలు ఊరికే ఇస్తానన్నాడు.

మా ఆయన ఒకే మాట అన్నారు. "అవి గవర్నమెంటు ఇండ్లు. మీవి కాదు కదా."

నిజమే. పందొమ్మిదేళ్ళు ఉన్నాం. మావి కాదు.

నవంబరు 16, ఆదివారం

కొలతలు. నాన్న ఇరిగేషన్‌లో ట్రేసర్. ఇంజనీర్లు గీసిన పటాలను ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో మళ్ళీ గీయడం ఆయన పని. కాలువల పటాలు, తూముల పటాలు, కేసీ కెనాల్ పటాలు ఎన్ని గీశారో. నేను డ్రాఫ్టింగ్‌లోకి రావడానికి ఆయన చెక్క స్కేలే కారణం. అదీ, ముప్పై మీటర్ల టేపూ పట్టుకుని పొద్దున ఏడింటికే లైనులో దిగాం.

చేసిన తప్పు ముందు రాస్తాను. గది గదినీ విడిగా కొలిచి కూడుకుంటూ పోయాం. చివర్లో ఇంటి మొత్తం వెడల్పుతో పోల్చితే నాలుగంగుళాలు తేడా. గోడ మందం ఒకచోట తొమ్మిదంగుళాలు, గిలాబా పెచ్చులూడినచోట ఎనిమిదిన్నర. ప్రతిచోటా అరంగుళం తప్పితే చివరికి అంతే అవుతుంది. నాన్న ఉంటే నెత్తిన మొట్టేవారు. మధ్యాహ్నం నుంచి పద్ధతి మార్చాం. టేపు సున్నాను ఒక మూలన మేకుకు తగిలించి, తీయకుండా చివరిదాకా లాగి, గోడ వచ్చినచోటల్లా అంకె చదవడం. ఒక తప్పు జరిగితే అది అక్కడికే ఆగుతుంది, పక్కదానికి అంటుకోదు.

ఒక్కో ఇల్లు ముందు 18 అడుగులు, పెరడుతో కలిపి లోతు 40 అడుగులు. ఒకటి నుంచి ఆరు ఒక వరస, ఏడు నుంచి పన్నెండు ఎదురు వరస, మధ్యలో 20 అడుగుల దారి. మాది తొమ్మిది. లోపల నేల బేతంచెర్ల బండలు. అవి మాత్రం చెక్కు చెదరలేదు, అందుకే వాటి మీద ఎవరి కన్నో పడి రెండిళ్ళలో పెకలించుకు పోయారు.

నాలుగు, ఐదు ఇళ్ళ మధ్య పెరటి గోడలో ఒకచోట ఇటుక వేరే రంగులో ఉంది. పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టాను.

నవంబరు 25

అసలు ప్లాను కాపీ కోసం ఒక ఆఫీసుకు పోయాను. మూడు టేబుళ్ళు తిరిగాను. నాలుగో టేబుల్ దగ్గర ఒకాయన మర్యాదగానే "మీకెందుకమ్మా అది" అన్నాడు. జవాబు చెప్పడానికి నోట మాట రాలేదు. వచ్చేశాను. దారిలో ఉగ్గాని బజ్జి తిన్నాను, అంతే ఆ రోజు పని.

డిసెంబరు 7, ఆదివారం

నమూనా మొదలైంది. స్కేలు 1:50 పెట్టుకున్నాం. అడుగుకు ఆరు మిల్లీమీటర్లు అని గుండు లెక్క వేసుకుందాం అన్నాడు అబ్బాయి. అసలు లెక్క 6.1. ఆ పిసరంత తేడాకే ఆరిళ్ళు దాటేసరికి సెంటీమీటరు తగ్గుతుంది. కూర్చోబెట్టి లెక్క చేయించాను, వాడి మొహం మాడింది. రెండున్నర అడుగుల చదరపు ప్లైవుడ్ చెక్క మీద లైను మొత్తం సరిపోయింది.

గోడలకు ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు. కప్పులకు థర్మోకోల్ అనుకున్నాం. అబ్బాయి తొందరలో ఫెవిక్విక్ పూశాడు. థర్మోకోల్ అట్నుంచటే కరిగి గుంట పడింది. మూడు ఇళ్ళ కప్పులు పోయాయి. "జేసీబీ కన్నా ముందు నువ్వే పడగొట్టినావు కదరా" అని తమ్ముడు పొద్దుగూకేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నీళ్ళలో కలిసే తెల్ల ఫెవికాల్ అయితే ఏమీ కాదు, కాకపోతే ఆరడానికి రాత్రంతా పడుతుంది.

డిసెంబరు 13

నమూనాను స్కార్పియో వెనక పెట్టుకుని పన్నెండో ఇంటి టైపిస్టు తాత దగ్గరకు తీసుకుపోయాం. ఇప్పుడు కొడుకు దగ్గర నంద్యాల రోడ్డు వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. ఎనభై దాటాయి, చూపు బాగానే ఉంది. బల్ల మీద పెట్టి "ఏది తాతా మీ ఇల్లు?" అన్నాను.

చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇవన్నీ ఒకటే మాదిరి ఉండాయి కదమ్మా."

అసలు తప్పు ఎక్కడుందో ఆ మాటతో తెలిసింది. మూడు వారాలు కొలిచి, కోసి, అతికించి మేము కట్టింది ఆఫీసువాళ్ళ ప్లానునే. ఆ ప్లాను కోసం మూడు టేబుళ్ళు తిరిగింది ఇంకా దండగ. ప్రభుత్వం పన్నెండు ఇళ్ళను ఒకే అచ్చులో పోసింది. మాకు అవి ఏనాడూ ఒకేలా కనపడలేదు. ఎందుకంటే ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు ఏదో ఒకటి తగిలించారు. కాగితాల భాషలో అవి అనధికార కట్టడాలు. కొలతలప్పుడు నేను వాటిని వదిలేశాను. ఒరిజినల్ కాదు కదా అని.

తాత చేతికి పెన్సిలు ఇచ్చాను. పన్నెండో ఇంటి ముందు ఒక చిన్న చతురస్రం గీశారు. అరుగు. మిగిలిపోయిన బండలు అడుక్కొచ్చి తనే కట్టుకున్నారట. "పొద్దంతా టకటకమని టైపు కొట్టి వస్తే చెవుల్లో అదే మోత. ఆ అరుగు మీద కూసుంటే గానీ తగ్గేది కాదు."

డిసెంబరు 14 నుంచి 24

రెండో విడత. లైనుకు మళ్ళీ పోయి ప్లానులో లేనివాటిని మాత్రమే కొలిచాం. కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని నేల మీద గుర్తుగా మిగిలాయి, కొన్ని ఫోన్‌లో అడిగితేనే తేలాయి.

అన్నింటికన్నా పెద్దది పదకొండో ఇంటి లెక్కల సారు షెడ్డు. 9 అడుగులకు 14 అడుగులు, పైన రేకులు. ప్రహరీ గోడకే సిమెంటు పూసి నల్ల రంగు వేసి బోర్డు చేశారు. క్యాంపులో సగం మంది పదో తరగతి లెక్కలు అక్కడే గట్టెక్కాయి. వేసవిలో రేకుల కింద ఉడికిపోతుంటే సారు ఒక్కొక్కరికీ తడి తువ్వాలు ఇచ్చేవారు. బోర్డు ఇంకా ఉంది. కుడి మూలన, చేయి తగలనంత ఎత్తులో, ఎవరిదో సుద్దముక్క రాత: "సైన్ తీటా బై కాస్ తీటా". ఫోటో తీసుకున్నాం. అబ్బాయి పక్కన నిలబడి మెల్లగా "ట్యాన్" అన్నాడు. చదవడనుకున్నాను.

మూడో ఇంట్లో మేకల కొట్టం. ఏడో ఇంట్లో అప్పడాలు ఆరబెట్టడానికి మిద్దె మీదికి వేసిన ఇనుప నిచ్చెన, దాని గుర్తుగా గోడలో నాలుగు బోల్టులు. మా పెరట్లో వేపచెట్టుకు రెండు కొయ్య మేకులు. నాన్న ఇంటికి తెచ్చుకున్న పని బోర్డును ఆ మేకుల మీద ఆనించి, వైరు లాగి బల్బు పెట్టుకుని గీసేవారు. చెట్టు మేకులను మింగేసింది, కొనలు మాత్రం బయట ఉన్నాయి. నేల నుంచి 3 అడుగుల 2 అంగుళాలు. నాన్న పొట్టివారు.

లైను మొగదల కొళాయి కూడా ప్లానులో లేదు. ఎవరి పలుకుబడితో వచ్చిందో గానీ నీళ్ళు రోజు మార్చి రోజు వచ్చేవి. మనిషి లేకపోతే బిందె, బిందె లేకపోతే రాయి వరసలో ఉండేది. రాయిని జరిపితే మాత్రం లైనంతా మేలుకునేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా లైను ఎత్తున ఉండి బతికిపోయింది. పాతబస్తీ చుట్టాలందరూ ఇక్కడికే చేరారు. మా రెండు గదుల్లో పదకొండు మందిమి. ఆ కొళాయి దగ్గర రాళ్ళ వరస ఆ వారం లేదు, ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని పట్టుకోనిచ్చారు. అమ్మ ఇప్పటికీ వరద గురించి చెప్పమంటే నీళ్ళ గురించి కాక ఈ రాళ్ళ గురించే చెబుతుంది.

నమూనాలో వీటికి వేరే రంగు పెట్టాం. సర్కారు కట్టినవి తెలుపు, మనవాళ్ళు తగిలించినవి ఎరుపు. ఎరుపే ఎక్కువయ్యేట్టుంది.

డిసెంబరు 28, ఆదివారం

మా తలుపు ఇంకా పోలేదు. రంగు పొరలు చూద్దామని ఒకచోట గుండ్రంగా గీకాను. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదనే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అందుకని పొడిగా రుద్దకూడదు. నీళ్ళ సాండ్‌పేపర్, మూతికి మాస్కు, కింద పాత పేపర్లు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దుతూ పోతే చెట్టు మానులో వలయాల్లా పొరలన్నీ బయటపడతాయి.

పై నుంచి: గోధుమ రంగు, ఆకుపచ్చ, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, కర్ర. ఆకుపచ్చ అంతా డిపార్టుమెంటు డబ్బాది. నీలం ఒక్కటే మాది. అక్క పెళ్ళికి నాన్న అప్పు చేసి వేయించింది. తర్వాత ఎవరో ఆఫీసరు వచ్చి చూసి మళ్ళీ పచ్చ కొట్టించారు. ఆ ముక్కను, అరచేయంత, రంపంతో కోసి తెచ్చుకున్నాను. ఇది దొంగతనమా? అయితే కావచ్చు.

జనవరి 4, ఆదివారం

రికార్డింగులు. ఇప్పటికి ఏడుగురివి అయ్యాయి. నేర్చుకున్నవి రెండు. ఫ్యాన్ ఆపాలి, ఫోన్‌ను బల్ల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టాలి. లేకపోతే గ్లాసు పెట్టిన ప్రతిసారీ పిడుగు పడినట్టు ఉంటుంది. రెండోది, "మీ జ్ఞాపకాలు చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. నమూనా ముందు పెట్టి "ఇది ఇక్కడేనా?" అని తప్పుగా చూపిస్తే చాలు, సరిదిద్దుతూ గంట మాట్లాడతారు.

రెండో ఇంటి అవ్వది గంటన్నర వచ్చింది. ఆమె పుట్టినూరు శ్రీశైలం డ్యాము నీళ్ళలో పోయింది. క్యాంపు ఇల్లు పడిపోతోందని ఆమెకేమీ బెంగ లేదు. "ఇది రొండోది లేయ్" అని నవ్వింది. తర్వాత తనే ఎత్తుకుంది. వాళ్ళ వైపు గుళ్ళను మాత్రం నీళ్ళకు వదల్లేదట. రాళ్ళకు నంబర్లు వేసి, ఊడదీసి, లారీల్లో తెచ్చి మళ్ళీ పేర్చారు. రూపాల సంగమేశ్వరుణ్ణి జగన్నాథగట్టు మీదికి తెచ్చింది అట్లాగే. "దేవుని రాళ్ళకు నంబర్లేసినారు. మా ఇండ్లకు ఎయ్యలే. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడతాది సూడు, అట్ల మా ఊరూ కొంచెం తేలుతాది. మా కొడుకు కార్లో తీసకపోయినాడు ఒకసారి. గోడలేం లేవు. మా రోలు కానొచ్చింది. అది మాదే అని నేనంటి, వాడు నమ్మలే."

నేను నమ్ముతున్నానని చెప్పాను. మా నంబర్ల సంగతీ చెప్పాను. ఎర్ర ముక్కలకు ఒక్కోదానికి నంబరు వేసి పుస్తకంలో రాస్తున్నాం. ఇప్పటికి 64.

జనవరి 19 నుంచి 21

పండగ అయిన నాలుగో రోజే వచ్చాయి. రెండు జేసీబీలు, మూడు రోజులు. మొదటి రోజు చూడటానికి పోయాను, రెండో రోజు పోలేదు. లెక్కల సారు బోర్డు గోడ ఒక్క తోపుకే పడిందట, తమ్ముడు చెప్పాడు. వేపచెట్టును ఉంచారు. ఎందుకు ఉంచారో ఆపరేటర్‌ను అడిగితే, "కింద బండి పెట్టుకోవాలి కదా సార్, నీడకు" అన్నాడట.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ ఆలోచన ఫ్లెక్సీ షాపు అబ్బాయిది. నేల చదును చేశారు, కొత్త పునాదులు తవ్వడానికి ఇంకా రెండు వారాలుంది. కొలతలు మన దగ్గర ఉన్నాయి. అసలు సైజులో నేల మీద గీసేద్దాం అన్నాడు. వాచ్‌మన్‌ను బతిమాలితే ఆదివారం పూట సరేనన్నాడు.

తీసుకుపోయినవి: ముగ్గుపిండి రెండు బస్తాలు, నైలాన్ తాడు, మేకులు, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బాలు నాలుగు. సున్నం చవక గానీ చేతులు పుండ్లవుతాయి, పిల్లలు కూడా వస్తామన్నారు కాబట్టి వద్దనుకున్నాం. మొదటి మూల వేపచెట్టు నుంచి కొలిచి పట్టుకున్నాం. అది మిగలబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. మూల మట్టం కోసం మేస్త్రీల పద్ధతే. ఒక వైపు ఆరడుగులు, ఇంకో వైపు ఎనిమిది, ఆ కొనకూ ఈ కొనకూ మధ్య సరిగ్గా పది రావాలి. వచ్చేదాకా తాడు జరపడమే. పన్నెండిళ్ళకూ టైము చాలదని ఒకటి నుంచి ఆరు వరసే గీశాం. తలుపులున్నచోట గీత వదిలేశాం.

ఆరు గంటలకు మొదలుపెడితే పదకొండు అయింది. ఖాళీ నేల మీద చూస్తే ఇంతేనా అనిపించింది. ఈ గదిలోనా ఐదుగురం పడుకున్నాం అని ఎవరికి వాళ్ళు నమ్మలేనట్టు నిలబడ్డారు. వాచ్‌మన్ వచ్చి "ఏం పోటీలు మేడం, కబడ్డీనా?" అన్నాడు.

ముప్పై మంది దాకా వచ్చారు. ఎవరూ చెప్పకుండానే గీతలు దాటకుండా తలుపుల గుండానే లోపలికి పోతున్నారు. టైపిస్టు తాత తన ఇల్లు ఎదురు వరస కాబట్టి గీయలేదని అలిగి, మిగిలిన డబ్బా తీసుకుని అరుగు ఒక్కటి తనే గీసుకుని, దాని మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

నాలుగో ఇంటి ఖాలా మధ్యాహ్నానికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆదోనిలో కూతురి దగ్గర ఉంది, ఫోన్‌లో సరిగ్గా వినపడదని మాట్లాడనేలేదు. మనవడి చేయి పట్టుకుని వాకిట్లోంచి లోపలికి వచ్చింది, వంటింట్లో నిలబడింది, పెరట్లోకి పోయింది. అక్కణ్ణుంచి ఐదో ఇంటి వైపు నాలుగడుగులు వేసి, మా తెల్ల గీత దగ్గర ఆగిపోయింది.

"ఇదేంది, ఈడ మూసినారు?"

గోడ ఖాలా, గోడ ఉంది కదా అన్నాను.

"గోడ యాడుంది? ఈడ సందు ఉండె. నర్సమ్మకు పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ. సంటిపిల్లోడు. ఏడిస్తే నేను లైనంతా తిరిగి ముందు నుంచి పోయేలోపల వాడు నీలం ఎక్కుతాడు. మా ఆయన రాత్రికి రాత్రి గోడ పగలగొట్టినాడు. ఆర్నెల్లు వాడు నా పక్కలోనే పండుకున్యాడు." నర్సమ్మ ట్రాన్స్‌ఫర్ అయ్యాక వచ్చినవాళ్ళు మళ్ళీ ఇటుకలు పెట్టించారట. మేము ఆ లైనుకు రాకముందు సంగతి.

ఖాలా ఇంకేమీ చెప్పలేదు. చెప్పు కాలితో గీతను ఇటూ అటూ చెరిపి, ఐదో ఇంటి పెరట్లోకి పోయింది.

పుస్తకంలో నవంబరు 16 పేజీ తీసి ప్రశ్నార్థకం కొట్టేశాను. తమ్ముడు టేపు పట్టాడు. చెరిపినచోటు రెండడుగుల మూడంగుళాలు. 65.